గోడలో మూడు పలకలు

సబ్బు పెట్టుకునే గూడు కుళాయికి కుడివైపు ఉండాలని అత్తగారు, ఎడమవైపు ఉండాలని హైమావతి. ఇంకా పూత పడని గోడలో, ఇంకా బిగించని కుళాయి పక్కన, ఇంకా తొలవని గూడు గురించి కాఫీల వేళ మొదలైన మాట ఇడ్లీలు చల్లారిపోయేదాకా సాగింది.

"కుడిచేత్తో చెంబు పట్టుకుంటాం కదత్తయ్యా. సబ్బు ఎడంచేతికి అందాలి" అంది హైమ.

"ఎడంచేత్తో సబ్బు అందుకుంటారేటమ్మా ఎవరైనా? నువ్వు కాలేజీలో చదివింది ఇదేనా?" అంది అప్పలనరసమ్మ, మనవరాలి నోట్లో ఇడ్లీ ముక్క పెడుతూ.

"ఇదీ చదివానండీ. ఇంటి ఏర్పాటు అని ఒక సబ్జెక్టే ఉండేది మాకు."

"మా కాలంలో గూడూ లేదు, సబ్బూ లేదు. పిండి ముద్ద చేసి గోడ మీద పెట్టుకునేవాళ్ళం. ఒళ్ళేటైనా ఊడి పడిపోయిందా?"

"ఎటైనా పెట్టుకోండి. కావాలంటే రెండువైపులా పెట్టుకోండి" అన్నాడు ఉమాకాంత్, కంచం పక్కకి నెట్టి. "ఆ తూర్పుగోడ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి. చెబుతున్నాను!"

ఆ కేకకి వకుళ ఉలిక్కిపడి నానమ్మ మెడ కరుచుకుంది. ఏడాది నిండి మూడు నెలలైనా కాలేదు దానికి. ఇంట్లో పెద్దగొంతు వినడం దానికి కొత్త. ఆ మాటకొస్తే హైమకీ కొత్తే.

ఉమాకాంత్ గొంతు పెంచే మనిషి కాదు. పెందుర్తి దాటాక కొన్న ఆ కాస్త స్థలంలో ఇల్లు మొదలుపెట్టినప్పటి నుంచి, పునాది దగ్గర్నుంచి దేవుడి గది తలుపు దాకా ఏది అడిగినా "నీ ఇష్టం హైమా" అన్నవాడే. కింది స్నానాలగది దగ్గరికొచ్చేసరికి మాత్రం నెల్లాళ్ళుగా మొండికేశాడు. తలుపు వెడల్పు పెంచమన్నాడు. గడప వద్దన్నాడు. ఒక మూల నేలని జానెడు పల్లం చేయించాడు. స్లాబు వేసేరోజు ల్యాబుకి సెలవు పెట్టి మరీ వచ్చి, ఆ గది నడిమధ్యన లావుపాటి ఇనుప కొక్కెం దింపించాడు. "బాత్రూములో ఫ్యాను పెడతారా సార్?" అని సెంట్రింగు పనివాళ్ళు నవ్వుకున్నారు కూడా.

"ఇప్పుడేమీ పెట్టం. తర్వాత ఎప్పుడైనా ఊయలకుర్చీ పెట్టాల్సివస్తే కట్టిన గోడలు పగలగొట్టుకోకూడదు కదా" అని చెప్పాడు అప్పట్లో. లేవలేని మనిషిని మంచం మీంచి ఎత్తి, కొక్కేనికి వేలాడే కుర్చీలో మెల్లగా తీసుకెళ్ళి నీళ్ళతొట్టిలో దింపే యంత్రం అది. గోడలకి బిగించిన కమ్మీలు పట్టుకుని ఆ మనిషి తనంతట తాను కాస్త కదలొచ్చు.

"ఎవరికండీ?" అని అడిగింది హైమ.

"అమ్మకి. ఎప్పటికైనా అవసరమే కదా."

"నన్నప్పుడే ఉయ్యాల్లో వేసేస్తున్నావేట్రా?" అని అప్పలనరసమ్మ నిండు బకెట్టు ఒక చేత్తో ఎత్తి పెరట్లోకి పట్టుకుపోతూ నవ్వింది. కొడుకు నవ్వలేదు. అది హైమ గమనించింది. కానీ ఆ రోజుకి మరిచిపోయింది.

ఇవాళ ఆ కేక తర్వాత మళ్ళీ గుర్తొచ్చింది.

* * *

పాపని అత్తగారికి అప్పగించి, హైమ ఇల్లు కట్టేచోటికి బయల్దేరింది. సబ్బు గూడు ఎడమవైపే అని మేస్త్రికి ఒక మాట చెప్పేసి రావాలని ఆమె పంతం.

మేస్త్రి తవిటినాయుడు స్నానాలగది బయట ఇసుక జల్లిస్తున్నాడు. "లోపల పూత రేపట్నుంచమ్మా. చూసుకోండి" అన్నాడు.

తూర్పుగోడ ఇటుకల్లో ఇనుప పలకలు దిగేసి ఉన్నాయి. తర్వాత ఎప్పుడో కమ్మీలు బిగించడానికి. పూత పడితే కనిపించకుండా పోతాయి. అంతవరకూ ఉమాకాంత్ చెప్పిందే. కానీ ఒక వరస కాదు, మూడు వరసలున్నాయి. అన్నిటికంటే కిందిది హైమ మోకాలికి కాస్త పైన. రెండోది తొడ దగ్గర. మూడోది మోచేతి ఎత్తున.

"ఇన్నెందుకు తవిటినాయుడూ?"

"సారే కొలిచి గుర్తులు పెట్టారమ్మా. తర్వాత ఒకదాని తర్వాత ఒకటి వాడుకుంటామన్నారు."

హైమ గోడ పక్కన నిలబడింది. అత్తగారు తన భుజం దాకా వస్తారు. ఆ మనిషి పట్టుకోవడానికి ఒక పలక చాలు. మోకాలి ఎత్తున ఉన్న కమ్మీని ఆవిడ ఎలా పట్టుకుంటారు, పాకుతూనా? పోనీ వంగలేరని పైన ఒకటి అనుకున్నా, ఈ నడిమిది ఎందుకు? ఒకదాని తర్వాత ఒకటి. ఒకదాని తర్వాత...

ఆమె చెయ్యి కింది పలక మీద పడింది. దానంతటదే పడింది. నిన్న సాయంత్రం వకుళ సోఫా పట్టుకుని నిలబడితే, దాని చేతులు సరిగ్గా ఆ ఎత్తునే ఉన్నాయి. ఇంకో నాలుగైదేళ్ళకి చెయ్యి రెండోదాన్ని అందుకుంటుంది. ఆడపిల్ల ఎదిగాక మూడోది. పిల్లలకి గౌను కుట్టించేటప్పుడు అంచు మడతలో గుడ్డ ఎక్కువ ఉంచి, ఏడాదికో మడత విప్పుతూ పోతామే, అలా ఉన్నాయి ఆ మూడు వరసలు.

"అమ్మా, గూడు ఎటువైపు తొలవమంటారు?" అని మేస్త్రి అడుగుతున్నాడు.

"గూడు సంగతి తర్వాత చూద్దాం. నేను చెప్పేదాకా ఈ గదికి పూత వెయ్యొద్దు" అంది హైమ. బయటికొచ్చి ఆటో ఎక్కి, ల్యాబు పేరు చెప్పింది.

* * *

ల్యాబు వరండాలో బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని పిడికిలి బిగిస్తూ విప్పుతూ ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఉమాకాంత్ కింద పనిచేసే నస్రీన్ ఆయన పక్కనే తలవంచుకుని ఉంది. హైమని చూసి, సార్‌ని పిలుచుకొస్తానని లేచి లోపలికి వెళ్ళింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ ఇంట్లోనూ పెట్టారామ్మా, తూముకన్ను?" అని అడిగాడాయన.

ఆ మాట హైమకి తెలుసు. స్నానం చేసిన నీళ్ళు పోయే తూములో ఒక చిన్న డబ్బా పెడతారు. ఒంటిమీంచి జారే నీళ్ళని చూసి, నరాల జబ్బేదైనా రాబోతుంటే ఏళ్ళ ముందే అది పసిగడుతుంది. అందుకే ల్యాబులో దాన్ని అలా పిలుచుకుంటారు. ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళలో పెట్టి పరీక్షిస్తున్నారు. పనిచేసేవాళ్ళు తమ సొంత ఇళ్ళలో పెట్టుకోకూడదని నియమం.

"మా ఇంట్లో లేదండీ" అంది. అంటూనే, లేదని ఎవరు చెప్పారు నాకు అనుకుంది.

"అదృష్టవంతులు. నేను అడగబట్టే చెప్పారు, తప్పు వాళ్ళది కాదు. ఇదిగో చూడండి, పిడికిలి ఎంత గట్టిగా ఉందో. ఇంకా ఏమీ కాలేదు నాకు. కానీ నిద్రలేచి ముందు దీన్నే చూసుకుంటున్నాను. మా ఆవిడ కాఫీ ఇచ్చేటప్పుడు నా మొహం చూడటం మానేసింది, కప్పు వణుకుతోందా అని చూస్తోంది. చెప్పింది వెనక్కి తీసేసుకోండమ్మా అని ఆ అమ్మాయిని అడుగుతున్నాను. పాపం, ఏడుస్తుంది గానీ మాట్లాడదు."

ఉమాకాంత్ గుమ్మంలోకి వచ్చాడు. భార్యని చూడగానే అతనికి అర్థమైపోయింది. తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. గది నిండా గాజు గొట్టాలు, తూము జాలీలు, ఒక మూల మామూలు ఇంట్లో ఉండేలాంటి కుళాయి, బకెట్టు, చెంబు.

"ఆ పలకలు అత్తయ్యకి కాదు" అంది హైమ. "మీ అమ్మగారు ఇంక పెరగరు కదండీ."

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"మన ఇంట్లో పెట్టారు కదూ?"

"పెట్టాను. వేరేవాళ్ళ ఇళ్ళలో పెట్టే ముందు మన ఇంట్లో పెట్టకపోతే నాకేదో తప్పుగా అనిపించింది. నీకూ నాకూ ఏమీ లేదు హైమా. మన నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. పాప నీళ్ళు..."

"నాకు చూపించండి. అది ఎలా చెబుతుందో నాకు కళ్ళతో చూడాలని ఉంది."

అతను లేచి చెంబుతో నీళ్ళు ముంచి జాలీలో పోశాడు. గోడ మీది తెరపై గీత పడుకున్నట్టే ఉంది. చిన్న సీసాలోంచి ఒక్క చుక్క ఇంకో చెంబులో కలిపి మళ్ళీ పోశాడు. గీత లేచి నిలబడింది.

"పాడవబోయే నరం చర్మంలోకి ఒక పదార్థాన్ని వదులుతుంది. మనిషికి తెలిసేసరికి ఏళ్ళు పడుతుంది. డాక్టర్లకీ అంతే. ఈ నీళ్ళకి ముందే తెలుస్తుంది. పాప స్నానం చేసిన ప్రతిసారీ ఇలాగే లేస్తోంది. నెల్లాళ్ళుగా చూస్తున్నాను, ఒక్కరోజూ తప్పలేదు."

"అంటే?"

"ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి కాళ్ళు..."

"మందు?"

అతను తల అడ్డంగా ఊపాడు.

హైమ అక్కడున్న బకెట్టుని చూస్తూ నిలబడింది. ఏడవాలని ఉంది. ఏడుపు రాలేదు. దాని బదులు కోపం వచ్చింది. "నాకు చెప్పకుండా గోడలో దాస్తారా? పూత వేసేస్తే నాకు ఎప్పటికీ తెలీదనుకున్నారా?"

"చెబితే నువ్వు పాపని చూడవు హైమా. దాని కాళ్ళని చూస్తావు. నేను నెల్లాళ్ళుగా అదే చేస్తున్నాను. నువ్వన్నా పాపని పాపలాగా చూస్తున్నావు కదా అని..."

బయట వరండాలో ఆ పెద్దాయన నస్రీన్‌ని ఏదో బతిమాలుతున్నాడు.

* * *

మర్నాడు ఉమాకాంత్ ఎప్పట్లాగే ఎనిమిదింటికల్లా ల్యాబుకి వెళ్ళిపోయాడు. హైమ తువ్వాలు పట్టుకుని స్నానాలగది గుమ్మంలో నిలబడింది. రోజూ నిలబడే చోటే. అతను చెప్పినట్టే అయింది. ఆమె కళ్ళు పాప కాళ్ళ మీదే ఉన్నాయి.

అప్పలనరసమ్మ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, పీట మీద కూర్చుని, రెండు కాళ్ళూ బారజాపుకుంది. ఆ కాళ్ళ మీద వకుళని బోర్లా పడుకోబెట్టింది. నడక వచ్చిన పిల్లని ఇంకా కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తున్నారేమిటని ఇరుగుపొరుగు నవ్వినా ఆవిడ వినదు. "నా కాళ్ళు పట్టినన్నాళ్ళూ పోస్తాను. నీకేటి నొప్పి?" అంటుంది. పాపకి నూనె రాసి, మర్దనా చేసి, శెనగపిండి ముద్ద ఒంటినిండా పూసి నలిచింది. గోరువెచ్చటి నీళ్ళు చెంబుతో వీపు మీద పోస్తుంటే వకుళ చేపపిల్లలా గిలగిల్లాడుతూ నవ్వుతోంది. నీళ్ళు పాప ఒంటిమీంచి నానమ్మ పిక్కల మీదికి, అక్కణ్ణుంచి కాలి మడమల మీదుగా జాలీలోకి పోతున్నాయి.

పాపని తువ్వాల్లోకి అందించాక గిన్నెలో కాస్త పిండి మిగిలింది. అది పారబోయడం ఇష్టంలేక, ఆవిడ రోజూ చేసినట్టే దాన్ని తన రెండు కాళ్ళకీ పట్టించి, గరగరా రుద్దుకుని, మిగిలిన నీళ్ళు గుమ్మరించుకుంది. పిండి పొట్టు పొట్టుగా రాలి నీళ్ళతోపాటు తూములోకి కొట్టుకుపోయింది.

హైమ పాపని గుండెకి హత్తుకుని అలాగే ఉండిపోయింది.

"ఏటే, అలగున్నావు? పిల్లకి తల తుడువు, జలుబు చేస్తుంది."

"అత్తయ్యా, మీరు ఇక్కడ ఎందుకు స్నానం చెయ్యరు?"

"నాలుగు గోడల మధ్య నాకు ఊపిరాడదని నీకు తెల్దా? పెరట్లో తడికుంది, కుళాయుంది. తెల్లారకుండా పోసుకుంటే ఎవులికి అడ్డం?"

సాయంత్రం ఉమాకాంత్ చెప్పులు విప్పకముందే హైమ అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళింది.

"నీళ్ళు ఎవరివో మీ డబ్బాకి తెలుస్తుందా?"

"నీళ్ళలో ఏముందో తెలుస్తుంది. ఎవరివో మేం చెబుతాం దానికి."

"మీరేం చెప్పారు?"

"తొమ్మిది గంటల స్నానం పాపది అని."

"తొమ్మిది గంటలకి ఎవరెవరి ఒళ్ళు తడుస్తాయో మీరెప్పుడైనా చూశారా?"

అతను అర్థంకానట్టు చూశాడు. ఆమె చెప్పింది. నూనె, పిండి, బారజాపిన కాళ్ళు, చివర్న మిగిలిన పిండి ముద్ద. చెబుతున్నంతసేపూ అతను కదలకుండా విన్నాడు. అతను కూడా ఆ కాళ్ళ మీద పడుకునే పెరిగాడు. ఆ సంగతి గుర్తుచెయ్యాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అంతే.

"ఆశ పెట్టుకోకు హైమా" అన్నాడు చివరికి.

* * *

రేపట్నుంచి కొన్నాళ్ళు పాపకి నేనే స్నానం చేయిస్తాను అనగానే అప్పలనరసమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది.

"నా చేతులకేటొచ్చింది?"

"ఏమీ లేదత్తయ్యా. పిల్లకి నా అలవాటు కూడా ఉండాలి కదా."

"పుట్టిన పదకొండోరోజు నుంచి లేని అలవాటు ఇప్పుడెందుకొచ్చింది? నిన్న సబ్బు గూడు దగ్గర నాలుగు మాటలన్నానని మనసులో పెట్టుకున్నావేటి?"

"అయ్యో, అది కాదండీ."

"ఒరే ఉమా, నువ్వైనా చెప్పరా. నేనేటి తప్పు చేశాను?"

ఉమాకాంత్ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అప్పలనరసమ్మ లేచింది. నూనె గిన్నె తీసుకెళ్ళి కోడలి ముందు పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు.

హైమ స్నానాలగది నేలని బ్రష్షు పెట్టి కడిగింది. కొత్త ప్లాస్టిక్ పీట కొంది. వకుళకి అది నచ్చలేదు. నానమ్మ కావాలని గుక్కపెట్టి ఏడ్చింది. తలుపవతల ఆవిడ అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు హైమకి వినిపిస్తూనే ఉంది. "కళ్ళల్లో పిండి పడనీకమ్మా" అని ఒకసారి, "నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమో చూడు" అని ఇంకోసారి. హైమ పెదవి కొరుక్కుని పాపకి నీళ్ళు పోసింది.

మొదటిరోజు గీత లేవలేదు. నమ్మకం చాలదని ఉమాకాంత్ ఇంకా కొన్నాళ్ళు చూద్దామన్నాడు. ప్రతి పొద్దునా అతను ల్యాబుకి వెళ్ళకుండా, అక్కణ్ణుంచి తెచ్చి తమ గదిలో పెట్టుకున్న చిన్న తెర ముందు కూర్చునేవాడు, హైమ తడి చేతులతో వచ్చి అతని వెనక నిలబడేది. వారం తిరిగింది. గీత పడుకునే ఉంది.

"లేదు" అన్నాడతను. "పాపకి లేదు హైమా. ఏమీ లేదు."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. అతను పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ నవ్వారు, ఏడ్చారు, పిచ్చివాళ్ళలా ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. నెల్లాళ్ళ తర్వాత అతని మొహంలో నెత్తురు కనిపించింది.

అప్పుడు వంటింట్లోంచి అప్పలనరసమ్మ గొంతు వినిపించింది. "చెట్టెక్కింది పిల్లి, దిగమంటే దిగదు" అని ఏవో మాటలు కట్టి పాపకి పెరుగన్నం పెడుతోంది.

ఇద్దరూ ఒక్కసారే చేతులు వదిలేశారు. తాము ఎవరి జబ్బుకి సంబరపడ్డామో అప్పుడు తెలిసింది హైమకి.

ఉమాకాంత్ అంకెలు మళ్ళీ వేశాడు. అదే గీతని పసిపిల్ల ఒంటికి లెక్కేస్తే ఏడెనిమిదేళ్ళు. అరవై దాటిన మనిషి మోకాలి కింది భాగానికి మాత్రమే లెక్కేస్తే రెండేళ్ళు, మహా అయితే మూడు.

"యంత్రం తప్పు చెప్పలేదు" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. "నేనే తప్పు పేరు చెప్పాను దానికి."

"అత్తయ్యకి చెప్పాలి."

"వద్దు! ఆ రోజు వరండాలో ఆయన్ని చూశావు కదా. అమ్మని అలా చెయ్యలేను. తనంతట తాను అడిగినవాళ్ళకే చెప్పాలని మా నియమం. అమ్మ అడగలేదు. అసలు ఆ డబ్బా సంగతే ఆవిడకి తెలీదు. కొక్కెం ఉంది, పలకలున్నాయి, రేపు అవసరమైనప్పుడు..."

"నాక్కూడా అలాగే చేశారు మీరు. ఆ గోడ పక్కన నిలబడితే నాకెలా అనిపించిందో తెలుసా? నా పిల్లకి రాబోయే కష్టం కంటే, అది అందరికంటే చివర నాకు తెలియడం ఎక్కువ కోసింది."

"చెప్పి ఏం బాగుపడుతుంది? మందు లేదు కదా!"

"బాగుపడటానికి కాదండీ. కాళ్ళు ఆవిడవి."

రెండు రోజులు ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళూ ఒకరినొకరు తప్పించుకు తిరిగారు. అత్తగారు మంచినీళ్ళ బిందె ఎత్తినా, మెట్లు దిగినా, హైమ చూపు ఆవిడ కాళ్ళ మీదికి పోయేది. పట్టుకుని వెనక్కి లాక్కునేది. ఇలా ఇంకో రోజు గడిస్తే, ఆవిడని మనిషిగా చూడటం తనకి చేతకాకుండా పోతుందని భయం వేసింది.

* * *

ఆదివారం మధ్యాహ్నం కొర్రమీను పులుసు పెట్టింది హైమ. అందరికీ వడ్డించాక తింటానన్న అత్తగారిని బలవంతాన కూర్చోబెట్టి, ముగ్గురికీ ఒకేసారి వడ్డించింది. వకుళ నానమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

"అత్తయ్యా" అంది హైమ. "పాపకి మిమ్మల్ని నీళ్ళు పోయనివ్వకపోవడానికి కారణముంది."

ఉమాకాంత్ కళ్ళెత్తాడు. వద్దన్నట్టు చూశాడు.

"ఉంటుందిలే. ఆ తూములో వీడు పెట్టిన డబ్బా కోసమే కదా" అంది అప్పలనరసమ్మ ముల్లు ఏరుతూ.

"నీకెలా తెలుసమ్మా?"

"రోజూ ఆ జాలీ కడిగేది నేనే కదరా. ఉన్నట్టుండి దానికి కొత్త మరలొచ్చాయి. ల్యాబువాడి ఇంట్లో అలాటివి మామూలే అనుకుని ఊరుకున్నాను. తర్వాత మీ ఇద్దరి మొహాలూ చూశాను." ఆవిడ ముల్లు తీసిన ముక్క మనవరాలి నోట్లో పెట్టింది. "దీనికేటైనా ఉందా?"

"లేదత్తయ్యా. ఏమీ లేదు."

"ఒట్టు?"

"పాప మీద ఒట్టు."

అప్పలనరసమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. ఒక ముద్ద కలుపుకుని తింది. తాపీగా నమిలి మింగింది.

"అయితే నాకన్నమాట."

ఉమాకాంత్ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నువ్వు చెప్పక్కర్లేదులే. నీ చెయ్యి చెప్పింది."

"అమ్మా, నువ్వు అడిగితేనే చెబుతాను. వద్దంటే జన్మలో..."

"పేరు చెప్పకు. పేరు తెలిస్తే దాన్నే నెమరేసుకుంటూ కూర్చుంటాను. ముందు ఒకటి చెప్పు. పిల్లకి అంటేదేనా?"

"కాదమ్మా. ఎవరికీ అంటదు."

"కాళ్ళా, చేతులా?"

అతను హైమ వైపు చూశాడు. హైమ తల ఊపింది.

"కాళ్ళు."

"ఎన్నాళ్ళు..." అని ఆవిడే మొదలుపెట్టి, అతను నోరు తెరిచేలోపే ఎంగిలిచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు, వద్దు. అది నాకొద్దు. ఈ ఏడు ఉంటాయా?"

"ఉంటాయమ్మా. ఈ ఏడాది ఏమీ కాదు."

"చాలు."

వకుళ నానమ్మ కంచంలో చెయ్యి పెట్టి మెతుకులు చెల్లాచెదురు చేసింది. ఎవరూ వద్దనలేదు. ఉమాకాంత్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఏడుపెందుకురా? అన్నం ముందర కూర్చుని. వినండి ఇద్దరూ" అంది అప్పలనరసమ్మ. "ఆ తూములో డబ్బా ఇవాళే ఊడదీసెయ్. రేపట్నుంచి ఈ పిల్లగుంటకి నేనే నీళ్ళు పోస్తాను. ఆ కొత్త గోడకి పూత పడకముందు నన్నోసారి తీసుకెళ్ళండి. ఏ పలక నా చేతికి అందుతుందో నేనే పట్టుకుని చూసుకుంటాను. మిగతావి పీకించెయ్యండి. గోడ నిండా ఇనుమెందుకు?"

"అలాగేనమ్మా."

"ఇంకోటి. ఈ ఆషాఢ పున్నమికి సింహాచలం కొండ చుట్టూ నడుస్తాను."

"గిరి ప్రదక్షిణా?" ఉమాకాంత్ కంగారుగా తల తిప్పాడు. "అది రోజంతా నడకమ్మా! ఎప్పుడూ వెళ్ళలేదు కదా నువ్వు. ఇల్లు పూర్తికానీ, వచ్చే ఏడాది చూద్..."

మాట మధ్యలోనే ఆగిపోయింది.

అప్పలనరసమ్మ కొడుకుని కోప్పడలేదు. ఒళ్ళో పిల్లని సర్దుకుని, కోడలివైపు తిరిగింది. "హైమా, దీన్ని కూడా తీసుకెళ్దాం. నువ్వు కొంతదూరం ఎత్తుకో, నేను కొంతదూరం ఎత్తుకుంటాను. ఎండగా ఉంటే గొడుగు పడదాం. ఆగిన చోట ఆగుదాం. ఎవులికి తొందర?"

"అలాగేనత్తయ్యా" అంది హైమ. ఈసారి ఆమె ఆవిడ మొహమే చూస్తోంది.

"ఒరే ఉమా, నువ్వూ వస్తావు. ల్యాబులో ముందే చెప్పి సెలవు పెట్టుకో. వచ్చి నా పక్కన నడు. ముందు మాత్రం నడవకు."